ఓనరు లేని టేబుళ్ళు

నాచారం పారిశ్రామికవాడలో ఓరుగంటి ఇన్సులేటర్స్ అని ఒక కంపెనీ ఉంది. కరెంటు స్తంభాల మీద తీగలను పట్టి ఉంచే గోధుమరంగు పింగాణీ దిమ్మలు అక్కడ తయారవుతాయి. ఆ కంపెనీలో డేటాబేస్ చూసుకునే మనిషి పద్మశ్రీ. సొంతూరు మోత్కూరు, కాపురం పీర్జాదిగూడలో. భర్త రాఘవేంద్ర ఏఎస్ రావు నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. ఆమెకు నలభై ఆరేళ్ళు. అందులో ఇరవై రెండేళ్ళు ఆ గేటు లోపలే గడిచాయి.

2023 నవంబరులో ఒకరోజు ఐటీ హెడ్ గిరిధర్ ఆమెను తన గదికి పిలిచాడు. ఆయన కంపెనీకి వచ్చి ఏడాది కాలేదు. మర్యాదగా మాట్లాడే మనిషి, గొంతు పెంచడం ఎవరూ వినలేదు.

"పద్మశ్రీ గారూ, మన డేటాబేస్ లైసెన్సు మార్చి ముప్పై ఒకటితో అయిపోతుంది. రెన్యూ చేయాలా, క్లౌడ్‌కి వెళ్ళిపోవాలా? డైరెక్టర్లకి ఒక రిపోర్టు కావాలి. మీకంటే తెలిసినవాళ్ళు ఇక్కడ ఎవరున్నారు, మీరే రాయండి."

ఆమె సరేనంది. బయటికొచ్చాక తనను ఎందుకు రాయమన్నారో ఆలోచించింది. పాత డేటాబేస్ ఉంటేనే తన ఉద్యోగానికి అర్థం. దాన్నే ఉంచమని రాస్తే, తన కుర్చీ కోసం రాసిందంటారు. తీసేయమని రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆ సంగతి గిరిధర్‌కు తెలుసో లేదో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.

అయినా ఆమె నిజాయితీగా రాయాలనే కూర్చుంది. ఆరు నెలల కిందట చేరిన తేజేష్ అనే కుర్ర ఇంజనీరు సాయం చేశాడు. తణుకు వాడు. క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ మీద అద్దెకు దొరికే కంప్యూటర్లలో, నెలరోజులు ఉచితంగా వాడుకునే ఖాతా తెరిచి, ఆమె ఇచ్చిన డేటా కొంత అందులో పోశాడు. పదేళ్ళలో ఏ బట్టీలో ఎన్ని దిమ్మలు పగిలాయో తేల్చే రిపోర్టు ఒకటి ఉండేది. పొద్దున మొదలుపెడితే వెనక గదిలోని పాత సర్వర్ మీద అది పూర్తయ్యేసరికి సాయంత్రం షిఫ్టు దిగేది. క్లౌడ్‌లో యాభై సెకన్లకు వచ్చింది.

పద్మశ్రీ నమ్మలేక ఇంకోసారి వేయించింది. అంకెలన్నీ సరిపోయాయి.

"మీ టేబుల్స్ శుభ్రంగా ఉండబట్టే మేడమ్," అన్నాడు తేజేష్. "చెత్త ఉంటే క్లౌడ్ అయినా ఏం చేస్తుంది?"

ఆ మాటకు ఆమెకు సంతోషం వేసింది. అంత కాలంలో ఆమె పనిని మెచ్చుకున్న మొదటివాడు అతనే.

రిపోర్టులో ఆమె ఉన్నది ఉన్నట్టు రాసింది. గేట్ పాసులు, సరుకు పంపడం, జీతాలు లాంటి రోజువారీ పనులు రెండేళ్ళ కిందటే వేరే సాఫ్ట్‌వేర్‌కు మారిపోయాయి. పాత డేటాబేస్‌లో మిగిలింది పాతికేళ్ళ చరిత్ర. చరిత్రను తిరగేసి చూసుకోవడానికే అయితే క్లౌడే మేలు. ఇది మొదటి పేజీ. రెండో పేజీలో ఇంకొక మాట రాసింది: కొత్తది కుదురుకునే దాకా, కనీసం రెండేళ్ళు, పాత సర్వర్‌ను చూడటానికి మాత్రం వీలుగా ఉంచండి. మార్పులు చేయనక్కర్లేదు, చూస్తే చాలు.

వెనక ఒక జాబితా జతచేయాలి. కంప్యూటర్‌లో వరుసలుగా, గడులుగా సమాచారం పెట్టుకునే పట్టీని టేబుల్ అంటారు. పాత డేటాబేస్‌లో అలాంటివి నాలుగు వందల పన్నెండు ఉన్నాయి. ప్రతి టేబుల్‌కూ ఓనరు ఎవరో, అంటే ఏ విభాగం అధిపతో, వాళ్ళు దాని ఎదురుగా సంతకం చేయాలి. సంతకం ఉన్నదే కొత్త చోటికి వెళుతుంది.

అన్నీ అయ్యాక ఆరు టేబుళ్ళు మిగిలాయి. అవి పద్మశ్రీకి కొత్తవి కావు. 2001లో ఆమె ఆ కంపెనీలో చేరింది కంప్యూటర్ విభాగంలో కాదు, ఫ్యాక్టరీ హెల్త్ సెంటర్లో టైపు చేయడానికి. పలుగురాయినీ మట్టినీ కలిపి పిండిచేసే బాల్ మిల్లు దగ్గర పనిచేసేవాళ్ళు ఏడాదికొకసారి అక్కడికి వచ్చి వరుసగా నిలబడేవారు. ఒక్కొక్కరు గొట్టంలో నోరు పెట్టి శక్తికొద్దీ ఊదేవారు. ఊపిరితిత్తులు ఎన్ని లీటర్ల గాలి పడుతున్నాయో మిషను చెప్పేది. డాక్టరు అంకె చదివితే ఆమె టైపు చేసేది. మొదట కాగితం మీద, తర్వాత తనే నేర్చుకుని తయారుచేసిన టేబుల్‌లో. ఆ టేబుల్ చూసే ఆమెను కంప్యూటర్ విభాగానికి తీసుకున్నారు. అయినా ఆ అంకెలు ఏటేటా ఎక్కించింది ఆమే. హెల్త్ సెంటర్ 2016లో మూసేశారు. రిజిస్టర్లు 2020 అక్టోబరు వానలకు రికార్డు రూములో నడుముల్లోతు నీళ్ళలో మూడు రోజులు నాని ముద్దయిపోయాయి.

జాబితా పట్టుకుని ఆమె గిరిధర్ దగ్గరికి వెళ్ళింది.

"ఈ ఆరింటికి ఓనరు లేరు సార్. హెల్త్ సెంటర్‌వి."

"హెచ్ఆర్‌ని అడగండి."

"అడిగాను. లీగల్‌ని అడగమన్నారు. లీగల్ వాళ్ళు హెచ్ఆర్‌దే అంటున్నారు."

గిరిధర్ కాగితం చూశాడు. "నాలుగు వందల పన్నెండులో ఆరే కదండీ. ఖాళీగా వదిలేయండి, తర్వాత చూద్దాం."

ఆమె ఖాళీగా వదిలేసి, ఆఖరి పేజీలో తన సంతకం పెట్టింది.

జనవరిలో డైరెక్టర్ల మీటింగుకు ఆమెనూ పిలిచారు. అన్నేళ్ళలో పై అంతస్తులోని ఆ హాల్లోకి అడుగుపెట్టడం అదే మొదలు. కొత్త చీర కట్టుకుని వెళ్ళింది. యాభై సెకన్ల రిపోర్టు తెర మీద చూపించారు. అందరూ బాగుందన్నారు. రెండో పేజీ దగ్గర ఛైర్మన్ కళ్ళజోడు తీసి అడిగాడు: "రెండూ ఉంచుకుంటే ఇంక ఎంచుకున్నది ఏముందమ్మా?"

ఆమె సమాధానం వెతుక్కునేలోపు కాగితం తిప్పేశారు. క్లౌడ్ ఖాయమైంది. పాత సర్వర్‌ను ఎవరి దగ్గర కొన్నారో ఆ కంపెనీకే తిరిగి ఇచ్చేయాలనీ, ఇచ్చేముందు అందులోని డిస్కులను ముక్కలు చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలనీ తీర్మానం రాసుకున్నారు.

ఫిబ్రవరి రెండో వారంలో గేటు దగ్గర నుంచి సెక్యూరిటీ ఫోన్ చేశాడు. ఎవరో పోశయ్యట, మిమ్మల్ని అడుగుతున్నాడని.

పోశయ్య బాల్ మిల్లులో పద్దెనిమిదేళ్ళు పనిచేశాడు. ఆమె ఊరికి పక్కూరు వాడు కాబట్టి చేరిన రోజు నుంచీ ఎరుగును. 2019లో చేతకాక మానేశాడు. గేటు పక్క సిమెంటు బెంచీ మీద కూర్చున్న మనిషిని చూసి ఆమె ముందు గుర్తుపట్టలేదు. మెడ నరాలు తేలి, భుజాలు పైకి లేపి ఊపిరి పీలుస్తున్నాడు. పక్కన భార్య రాములమ్మ ఎక్స్‌రేల కవరు ఒళ్ళో పెట్టుకుని ఉంది. అన్నోజిగూడ నుంచి రెండు బస్సులు మారి వచ్చారు.

"ఏంది పోశన్నా, గిట్లయిపోయినవ్?"

"ఊపిరి ఆడుతలేదు బిడ్డా," అన్నాడు. రెండు మాటలకొకసారి ఆగుతున్నాడు. "టీబీ అన్నరు. ఏడాది గోలీలు మింగిన. తగ్గలే. గిప్పుడు పెద్ద డాక్టరమ్మ జూసి... గది టీబీ గాదు, రాయి దుమ్ము అన్నది."

మిగతాది రాములమ్మ చెప్పింది. "పనిల వచ్చిన రోగమని రాసిస్తెనే పైసలు వస్తయట, గట్ల రాసియ్యాల్నంటే డాక్టర్ల బోర్డు ముందట నిలబడాల్నట మేడం. బోర్డోళ్ళు ఏమంటున్రంటే, నువ్వు బీడీలు తాగినవ్, టీబీ వచ్చిందన్నరు, కంపెనీల జేరినప్పుడు నీ ఊపిరితిత్తులు మంచిగుండె అని ఏం రుజువు అని. మీ కాడ ఏటేటా ఊదిపిచ్చిన్రు గదా, ఆ కాయితం దెచ్చుకోమన్నరు."

పద్మశ్రీ లోపలికి వెళ్ళి సర్వర్‌లో చూసింది. 2002 నుంచి 2016 వరకు, 2008 ఒక్కటి తప్ప, పద్నాలుగు వరుసలు ఉన్నాయి. మొదటి ఏడాది 3.31 లీటర్లు. ఆఖరి ఏడాది 1.82. నడుమ అంకెలు మెట్టు మెట్టుగా దిగుతూ వచ్చాయి. ఏ ఒక్క ఏడాదీ పెరగలేదు. వాటిని టైపు చేసిన చేతులు ఆమెవే. అప్పుడు ఏడాదికొక అంకెగా వచ్చింది కాబట్టి ఆమెకు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు ఒకదాని కింద ఒకటి పెట్టి మళ్ళీ పైనుంచి చదివింది.

పరుగున గేటు దగ్గరికి వచ్చింది. "ఉన్నయి పోశన్నా, అన్నీ ఉన్నయి. హెచ్ఆర్‌కు దరఖాస్తు రాసిస్త, సంతకం పెట్టు. వాళ్ళు ఊఁ అంటే రేపే ప్రింటు దీసి, ముద్ర ఏపిచ్చి ఇస్త. ఫికర్ జెయ్యకు."

రాములమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

హెచ్ఆర్ ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. దరఖాస్తు లీగల్‌కు పోయింది. లీగల్ దగ్గర పదిహేను రోజులుంది. పద్మశ్రీ రోజు మార్చి రోజు అడిగింది. "ప్రాసెస్‌లో ఉంది మేడమ్" అన్నారు. రాములమ్మ వారానికి రెండుసార్లు ఫోన్ చేసేది. "అయితది రాములక్కా, జర ఓపిక పట్టు" అనేది పద్మశ్రీ.

ఇంట్లో రాఘవేంద్రకు చెప్పింది. "నువ్వే తీసి ఇచ్చెయ్యరాదా?"

"పోయినేడు కస్టమర్ల లిస్టు బయటికి పంపిన్రని ఇద్దరిని ఒక్కరోజుల తీసేసిన్రు. నేను ఏం జూసినా, ఏం ప్రింటు దీసినా కంప్యూటర్ లాగ్‌ల నా పేరుతోని పడ్తది."

"అయితే సంతకం రానీ. మన ఫ్లాటు అప్పు ఇంకా ఎనిమిదేండ్లున్నది."

ఆమె మనసులో ఉన్నమాటే అతను అన్నాడు. అందుకే వాదించలేదు.

మార్చి మధ్యలో ఆమె గిరిధర్ గదికి మళ్ళీ వెళ్ళింది.

"సార్, ఆ ఆరు టేబుళ్ళు కూడా క్లౌడ్‌కి తీసుకెళదాం. రెండు నిమిషాల పని. తేజేష్ సిద్ధంగా ఉన్నాడు."

"ఓనరు ఎవరు?"

"నేను ఉంటాను. నా పేరు రాయండి."

"మీరు డిపార్ట్‌మెంట్ హెడ్ కాదు కదండీ." కసిరినట్టు కాదు, నియమం గుర్తుచేసినట్టు అన్నాడు. "పైగా హెల్త్ డేటా. ఎవరిదో తెలియని ఆరోగ్య వివరాలు క్లౌడ్‌లో పెట్టడం రేపు మనకే రిస్కు. ఆడిటర్లు కూడా అదే చెప్పారు."

"ఎవరిదో తెలియకపోవడమేంటి సార్? రెండు వందల అరవై మంది పేర్లున్నాయి. ఒకాయన గేటు దగ్గరికి వచ్చి అడిగాడు."

"లీగల్ చూస్తున్నారు కదా."

"లీగల్ చూసేలోపు సర్వర్ పోతుంది."

గిరిధర్ తన ముందున్న ఫైలు తెరిచి జాబితా ఆమె వైపు తిప్పాడు. "ఈ గడులు నేను ఖాళీగా పెట్టలేదు పద్మశ్రీ గారూ. రిపోర్టు మీది, సంతకం మీది. డైరెక్టర్లు ఆమోదించింది దీన్నే. ఇప్పుడు నేను ఏం మార్చగలను?"

ఖాళీగా వదిలేయమన్నది మీరే కదా అనబోయింది. కానీ అది నోటిమాట. కాగితం మీద ఉన్నది తన సంతకమే. లేచి వచ్చేసింది.

హోలీకి ముందు శనివారం. సర్వర్ తీసుకుపోవడానికి ఇంకా వారం ఉందని అందరికీ చెప్పారు. మధ్యాహ్నం భోజనాల వేళ పద్మశ్రీ పోశయ్య పేరు కొట్టి, పద్నాలుగు వరుసలూ తెర మీదికి తెచ్చుకుంది. ఇక సంతకం కోసం చూడదలుచుకోలేదు. ప్రింటరు హాలు అవతలి మూలన ఉంది. తలెత్తి చూస్తే దాని పక్కనే హెచ్ఆర్ మేనేజరు నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆమె ఆగింది. పది నిమిషాలైనా అతను కదల్లేదు. ఫోన్‌తో ఫొటో తీద్దామంటే, ఆ అంతస్తులోకి ఫోన్లు రానివ్వరు, గేటు దగ్గరే లాకర్లో పెట్టాలి. టేబుల్ మీద పెన్ను ఉంది, కాగితం ఉంది. చేత్తో రాసుకోవచ్చు. కానీ ముద్ర లేని చేతిరాత బోర్డు ముందు ఎందుకు పనికొస్తుంది అనుకుంది. ఆదివారం సెలవు, సోమవారం హోలీ. మంగళవారం అందరికంటే ముందు వచ్చి ప్రింటు తీస్తాను, ముద్ర సంగతి తర్వాత చూస్తాను అనుకుని తెర మూసేసింది.

మంగళవారం ఏడున్నరకే వచ్చింది. కంప్యూటర్‌లో పాత సర్వర్ దొరకడం లేదు. నెట్‌వర్క్ తేడా అనుకుని వెనక గదికి వెళ్ళింది. ఏసీ నడుస్తోంది. సర్వర్ ఉండాల్సిన చోట నేల మీద నాలుగు నట్లూ, ఒక వైరు ముక్కా ఉన్నాయి.

హోలీ రోజు రోడ్లు ఖాళీగా ఉంటాయని సర్వర్ కంపెనీ లారీ ముందుగానే వచ్చిందని గేటు దగ్గర సెక్యూరిటీ చెప్పాడు. పద్మశ్రీ తేజేష్‌కు ఫోన్ చేసింది. అతను ఉప్పల్ మెట్రో స్టేషన్‌లో ఉన్నాడు.

"నిన్న పొద్దున్నే గిరిధర్ సార్ నాకు ఫోన్ చేశారు మేడమ్. సంతకాలున్న నాలుగు వందల ఆరూ వచ్చాయి, సరిపోయాయి అని చెప్పాను. ఇచ్చేయమన్నారు." తర్వాత అతని గొంతు మారింది. "మేడమ్... ఆ ఆరూ మీరు తీసి పెట్టుకున్నారనే అనుకున్నాను."

ఆమె బ్యాకప్‌ల కోసం వెతికింది. రోజువారీ బ్యాకప్ పెట్టే డబ్బా కూడా అదే లారీలో పోయింది. నెలనెలా టేపుల మీద తీసే బ్యాకప్ ఆ మిషను చెడిపోయి 2019లోనే ఆగిపోయింది. కొత్తది కొనమని మూడుసార్లు రాసింది, కొనలేదు. పాత టేపులు ఏడు దొరికాయి. తేజేష్ బాలానగర్ దాకా వెళ్ళి, టేపులు చదివే మిషను ఉన్నవాళ్ళను వెతికి, తన చేతి డబ్బు పెట్టి చూపించాడు. ఐదు అసలు తెరుచుకోలేదు. రెండింట్లో సరుకు పంపిన లెక్కలు ఉన్నాయి. సర్వర్ కంపెనీకి ఫోన్ చేస్తే, డిస్కులు ముక్కలు చేసేశామని ఫొటోతో సహా సర్టిఫికెట్ పంపించారు.

ఆ ఆదివారం ఆమె ఉప్పల్‌లో బస్సెక్కి అన్నోజిగూడ వెళ్ళింది. హైవేకు కాస్త లోపల, టైర్ల దుకాణం వెనక ఒకే గదిలో ఉంటున్నారు. పోశయ్య గోడకు దిండ్లు ఆనించి కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి అందదు. మూలన ఆక్సిజన్ మిషను గురగుర నడుస్తోంది. రాములమ్మ చాయ్ పెట్టబోతే వద్దంది. నిలబడే మొత్తం చెప్పింది. శనివారం తెర మీద చూసిన సంగతి, ప్రింటు తీయకుండా మూసేసిన సంగతి కూడా దాచలేదు.

"ఆ మేనేజరు అడ్డమున్నడని దియ్యలేదా?" అన్నాడు పోశయ్య.

"అవును పోశన్నా."

రాములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు. "నువ్వు ఉన్నయనకపోతే బాగుండు మేడం," అంది. "లేవంటే మేం వేరే దారి జూసుకుందుము. రెండు నెలలు నీ ఫోన్ కోసమే జూసినం."

పోశయ్య చెయ్యెత్తి భార్యను ఆపాడు. "నువ్వు కండ్లార జూసినవ్ గదా బిడ్డా?"

"జూసిన."

"మరి నువ్వే వచ్చి జెప్పు."

మే నెలలో బోర్డు ముందుకు ఆమె వెళ్ళింది. కారణం రాయకుండా ఒక పూట సెలవు పెట్టింది. వెళ్ళేముందు ఇంట్లో కూర్చుని గుర్తున్న అంకెలు ఒక తెల్లకాగితం మీద రాసింది. 2002లో 3.31. 2007లో 2.96. 2011లో 2.40. 2016లో 1.82. నడుమ ఏళ్ళవి ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. కింద పేరు, హోదా, సంతకం. రాఘవేంద్ర చూశాడు, ఈసారి వద్దనలేదు.

బోర్డులో ముగ్గురు డాక్టర్లు ఉన్నారు. పెద్దాయన ఆ కాగితం రెండుసార్లు చదివాడు. విసుగు చూపలేదు, ఆమెను కూర్చోమన్నాడు.

"మీరు డాక్టరా అమ్మా?"

"కాదు సార్. టైపు చేసింది నేను."

"ఈ అంకెలు ఎక్కడి నుంచి తీశారు?"

"గుర్తున్నవి రాశాను."

"అసలు రికార్డు?"

"లేదు సార్. సర్వర్ తీసేశారు."

ఆయన ఫైలులోంచి ఒక లెటర్ తీసి చూపించాడు. కంపెనీ లెటర్‌హెడ్, ఏప్రిల్ ఎనిమిదో తేదీ, గిరిధర్ సంతకం. 'పోశయ్య అనే మాజీ కార్మికుడికి సంబంధించిన వైద్య పరీక్షల వివరాలేవీ ప్రస్తుతం మా సంస్థ వద్ద లేవు.' ఒకే వాక్యం. ఆమె తప్పు పట్టడానికి చూసింది. ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

"మీరు అబద్ధం చెబుతున్నారని నేను అనడం లేదు," అన్నాడు ఆయన. "కానీ జ్ఞాపకం మీద నేను ఏం రాయను? రేపు మీ కంపెనీయే అడుగుతుంది కదా." పోశయ్య వైపు తిరిగాడు. "బీడీలు తాగేవాడివా?"

"తాగిన సార్," అన్నాడు పోశయ్య. "మిల్లుల అందరం తాగేది. మానేసి పన్నెండేండ్లయింది."

ఆయన తల ఊపి రాసుకున్నాడు.

బయట మెట్లు దిగడానికి పోశయ్యకు పావుగంట పట్టింది. ఒక పక్క రాములమ్మ, ఒక పక్క పద్మశ్రీ పట్టుకున్నారు. నాలుగో మెట్టు దగ్గర ఆగి, "తాగలేదని జెప్తే అయిపోవునా?" అని అడిగాడు. రాములమ్మ అతని చెయ్యి తన భుజం మీదికి తీసుకుని అయిదో మెట్టు మీదికి దింపింది.

జూన్‌లో ఉత్తర్వు వచ్చింది. వ్యాధి పని వల్లనే వచ్చిందనడానికి తగిన ఆధారాలు లేవు.

పద్మశ్రీ బోర్డుకు వెళ్ళిన సంగతి కంపెనీకి తెలిసింది. తీసేస్తారనే అనుకుంది. ఒకవిధంగా తీసేయాలనే కోరుకుంది. గిరిధర్ పిలిచి, సెలవు పెట్టినప్పుడు కారణం రాయాలని మాత్రం అన్నాడు. తర్వాతి నెల ఆమెకు కొత్త హోదా ఇచ్చారు. ఇకపై క్లౌడ్‌లో ఏ టేబుల్‌కు ఎవరు ఓనరో చూసుకునే బాధ్యత ఆమెది. రిపోర్టులన్నీ నిమిషంలోపే వస్తున్నాయి. ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. తేజేష్ ఆగస్టు మొదట్లో గచ్చిబౌలిలో వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు ఆమె దగ్గరికి వచ్చి, "ఉంటాను మేడమ్" అని మాత్రం అన్నాడు.

పోశయ్య ఆగస్టు ఇరవై రెండున చనిపోయాడు. పద్మశ్రీ వెళ్ళేసరికే శవాన్ని సొంతూరికి తీసుకుపోయారు. టైర్ల దుకాణం అతను చెప్పాడు. గదికి తాళం వేసి ఉంది. రాములమ్మకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మర్నాడూ అంతే. మూడోరోజు నుంచి స్విచ్ఛాఫ్ వచ్చింది. మోత్కూరు పోయి కనుక్కుందామని రాఘవేంద్ర అన్నాడు. పోయి ఏం చెప్పాలో తెలియక ఆమె కదల్లేదు.

సెప్టెంబరు చివర, ఒక సాయంత్రం ఆమె నాచారం స్టాపులో బస్సు కోసం నిలబడి ఉండగా కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"పద్మశ్రీ మేడమేనా? నేను రాజయ్యను. బాల్ మిల్లు రాజయ్య, బీ షిఫ్టు. యాదికున్ననా?"

యాదికున్నాడు. పొట్టి మనిషి. గొట్టంలో ఊదమంటే నవ్వు ఆపుకోలేక డాక్టరుతో తిట్లు తినేవాడు.

"జెప్పు రాజన్నా."

"నాకు గూడ గదే వచ్చింది మేడం, పోశన్నకు వచ్చింది. ఏటేటా ఊదిపిచ్చిన కాయితాలు మీ కాడ ఉంటయట గదా. జర దీసిస్తరా?"

ఆమె ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. కనుక్కుని చెబుతానని అనడం తేలికే. రాజన్న రేపటిదాకా నిమ్మళంగా ఉంటాడు. ఎల్లుండి మళ్ళీ చేస్తాడు.

"లేవు రాజన్నా," అంది.

"పాత కంప్యూటర్ల ఉంటయన్నరు మేడం."

"ఆ కంప్యూటరే లేదు. యాడా లేవన్నా. నా కోసం జూడకు, వేరే ఏమన్న ఉంటే జూసుకో."

అవతల రాజయ్య ఊపిరి తీసుకోవడం వినిపించింది, ఫోన్ పెట్టేయలేదు.

"మరి ఇంకేముంటది మేడం?" అన్నాడు.

ఉప్పల్ బస్సు వచ్చి ఆగింది. జనం ఆమెను నెట్టుకుంటూ ఎక్కుతున్నారు. ఫోన్ చెవికి పెట్టుకునే ఆమె కూడా ఎక్కి, కడ్డీ పట్టుకుని నిలబడింది. రాజయ్య అడిగినదానికి ఏం చెప్పాలో హబ్సిగూడ దాటేదాకా ఆలోచించింది. ఈలోగా లైను కట్ అయింది.